బేసు పెట్టెకు పాయింటు

"నీ మాట మీద ఏసిన రెండు బోర్లూ దుమ్ము కక్కినాయి ముత్యాలన్నా. ఇప్పుడు మూడో తావులో రాయి పెట్టినావు. నీ టెంకాయను మళ్లీ యట్ల నమ్మల్ల?"

అనేశాడు నారాయణప్ప. గుమ్మఘట్ట చుట్టుపక్కల అరచేతిలో టెంకాయతో నీళ్ల జాడ పట్టి, గుర్తుగా రాయి పెట్టి, బోరు పాయింటు పెట్టడంలో ముత్యాలప్పను మించినవాడు లేడు. అంతటివాణ్ణి, అదీ ఆయన ఇంట్లోనే నిలబడి అంత మాట అనడానికి గుండె కావాలి. ఏం చేస్తాడు మరి? చీనీ తోటలో బత్తాయి చెట్లు ఆకు ముడిచాయి. ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరావు. కిందామీదా పడితే ఇంకొక్క బోరు వేయగలడు. అదీ ఎండిందా, తోట సంగతి ఆ దేవుడికే ఎరుక.

"భూమిలో ఏముండాదో టెంకాయ చెప్తాది. నీ రాత యట్లుండాదో అది చెప్పదు," అన్నాడు ముత్యాలప్ప ముఖం గంటు పెట్టుకుని. "నమ్మితే ఏసుకో, లేకుంటే పో. ఇంట్లో పని జరుగుతాండాది."

పని అంటే కొత్త హోమ్ థియేటర్. రాయదుర్గం నుంచి తిప్పేష్ అనే మెకానిక్ వచ్చి హాల్లో బిగిస్తున్నాడు. పోదామని గుమ్మం దాటి చెప్పులేసుకున్న నారాయణప్ప, అతని వాలకం చూసి ఆగిపోయాడు. ఎందుకాగడు? స్టూలంత నల్లపెట్టెను చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు సోఫాలో కూర్చోబెట్టి, దాన్ని ధుమ్‌ధుమ్మని మోగిస్తూ, ఆ మనిషి మోకాళ్ల మీద నేలంతా పాకుతున్నాడు! ఒకచోట ఆగి చెవి పెడతాడు, పెదవి విరుస్తాడు, మళ్లీ పాకుతాడు.

"ఏమప్పా, ఏమన్నా పారేసుకున్నావా?"

"లేదన్నా. ఈ బేసు పెట్టెకు తావు ఎతుకుతాండా. మనిషి కూర్చునే కాడ పెట్టెను పెట్టి, పెట్టె పెట్టాల్సిన తావుల్లో మనం చెవి పెట్టి వినల్ల. యాడ దండిగా వినపడితే ఆడ పెట్టల్ల. ధుమ్‌ధుమ్మనే లావు శబ్దం గదంతా ఒకే మాదిరి ఉండదు. ఒకచోట ఊరతాది, ఒకచోట ఎండిపోతాది."

ఊరడం, ఎండడం అనే మాటలు చెవిన పడేసరికి నారాయణప్ప ఒళ్లు జల్లుమంది. "ఓరి నీ! అచ్చం మా నీళ్ల మాదిరే గదప్పా!" అంటూ చెప్పులు విడిచి మళ్లీ లోపలికొచ్చాడు. వస్తూ వస్తూ, కిటికీ మూల నుంచి సోఫా దాకా పరిచిన పసుప్పచ్చ వైరు కాలికి తగిలి బోర్లా పడబోయాడు.

"చూసి నడువు నారాయణప్పా! ఆ వైరు మాది గాదు, ఆ అబ్బాయిది. తెగితే నన్నడుగుతాడు," అని కసిరింది ముత్యాలప్ప భార్య లక్ష్మీదేవి.

నారాయణప్పకు అవేవీ వినపడటం లేదు. బుర్రలో ఒకటే పురుగు తొలుస్తోంది.

"అన్నా, ఒక పరీక్ష. శబ్దమూ కంటికి కనపడదు, నీళ్లూ కనపడవు. నువ్వు పెరట్లోకి పో. ఈ అబ్బాయి తావు కనుక్కోని నా చెవిలో చెప్తాడు. తర్వాత నువ్వొచ్చి టెంకాయతో కనుక్కో. రెండూ ఒకటే అయితే, నువ్వు రాయి పెట్టిన కాడ ఈ పొద్దే బోరు దింపుతా."

ముత్యాలప్పకు రోషం ముంచుకొచ్చింది. "అట్లనే కానీ! చూద్దువు నా టెంకాయ సత్తా!" అని విసురుగా పెరట్లోకి పోయాడు. నారాయణప్ప తలుపుకు గడియ కూడా పెట్టాడు.

తిప్పేష్ ఇంకో చుట్టు పాకాడు. టేపుతో స్పీకర్ల దూరాలు కొలిచాడు. రిమోటు నొక్కుతూ టీవీ తెర మీద ఏవో అంకెలు పెంచాడు, తగ్గించాడు. "సన్న శబ్దమంతా చిన్న స్పీకర్లకు, లావుదంతా ఈ పెట్టెకు పంచినా," అని చెప్పాడు. హాలంతా కలియజూసి, తల గోక్కుని, చివరికి నారాయణప్ప చెవిలో ఊదాడు.

"కిటికీ మూల."

జాడ తెలియకుండా నారాయణప్ప పెట్టె ఆపించాడు, వైరు కూడా చుట్టించాడు. పరీక్షంటే పరీక్షే మరి.

ముత్యాలప్ప వచ్చాడు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి మెల్లగా అడుగులేశాడు. టీవీ దగ్గర అది కదల్లేదు. సోఫా వెనక కదల్లేదు. గుమ్మం పక్కన కాస్త వణికి మళ్లీ పడుకుంది. నారాయణప్ప వెనకే అడుగులో అడుగేశాడు. తన తోట మొత్తం ఆ అరచేతిలోనే ఉన్నట్టుంది ఆయనకు. కిటికీ మూలకు పోయేసరికి టెంకాయ నిటారుగా లేచి నిలబడింది!

"ఈడ," అన్నాడు ముత్యాలప్ప.

నారాయణప్పకు కళ్లనీళ్లు తిరిగాయి. చటుక్కున లెంపలేసుకున్నాడు. "తప్పయిపాయన్నా! బోర్లు ఎండింది నా కర్మ. నీ టెంకాయది కాదు తప్పు!"

సిగ్నల్ కోసం వీధిలోకి పరుగెత్తి ఫోన్ చేశాడు. బోరు బండి ఊళ్లోనే ఉంది, రామప్ప చేనులో పని ముగించుకుని అప్పుడే రోడ్డెక్కింది. "నేరుగా నా తోటకే పోనీ! రాయి పెట్టిన కాడ దింపెయ్!" అని అరిచాడు. బండి ఆయన కళ్ల ముందే మలుపు తిరిగి తోట దారి పట్టింది. ఎన్నాళ్లకో మనసు తేలికై, విడిచిన చెప్పుల కోసం నవ్వుకుంటూ వెనక్కి వచ్చాడు.

గుమ్మం దగ్గరికొచ్చేసరికి, లోపల తిప్పేష్ అడుగుతున్నది చెవిన పడింది. "నిజం చెప్పు పెద్దాయనా, ఆ మూలేనని నీకు యట్ల తెలిసింది?"

"నీళ్ల సంగతంటే టెంకాయకు తెలుస్తాది. నీ పెట్టె సంగతి దానికేం తెలుసప్పా?" ముత్యాలప్ప గొంతు తగ్గించాడు. "టీవీ కాడిది ఇడిస్తే, ఈ హాల్లో ఖాళీ కరెంటు ప్లగ్గు ఉండేది ఆ మూల ఒక్క తావులోనే గదా!"

తిప్పేష్ పకపకా నవ్వాడు.

"నేనూ దాన్ని చూసే చెప్పినా పెద్దాయనా!"