క్షణవీర యాభై ఒకటో సంచిక

సుభద్రమ్మ టీచరు ఇంట్లో దొంగతనం చెయ్యాలని ధర్మేంద్ర తీర్మానించుకున్నాడు. ఆవిడ నగల జోలికి పోయే ఉద్దేశం అతనికి లేదు. కావలసిందల్లా ఒక్క జవాబు.

ధర్మేంద్రకు ముప్పై ఆరేళ్ళు. నరసన్నపేటలో జిరాక్సు షాపు, ఇద్దరు పిల్లలు, ఒకే ఒక్క పిచ్చి. ఆ పిచ్చి పేరు ‘క్షణవీర’. చేతి గడియారం ముల్లు తిప్పి ఏ కాలానికైనా దూకేసే వీరుడి బొమ్మల కథ అది, నెలనెలా వస్తుంది. ‘కథ, బొమ్మలు: కాలజ్ఞ’ అని అట్ట లోపల ఉంటుంది గానీ, ఆ మహానుభావుడెవరో పుస్తకాల షాపు ధనరాజ్‌కు కూడా తెలియదు.

నలభై తొమ్మిదో సంచికలో పెద్ద గండం వచ్చిపడింది. క్షణవీర వెయ్యేళ్ళు వెనక్కి దూకి, శ్రీముఖలింగంలో రాళ్ళు చెక్కుతున్న శిల్పుల మధ్య పడ్డాడు. దూకేటప్పుడు గడియారం చేతి నుంచి జారి ఈ కాలంలోనే ఉండిపోయింది. మరి తిరిగి రావడం ఎలా? సరైన జవాబు రాసి ఫొటో పంపినవాళ్ళ మొహాన్ని యాభై ఒకటో సంచికలో ఒక పాత్రకు పెడతారట!

తన మొహం! క్షణవీర పక్కన! ధర్మేంద్రకు అన్నం సయించలేదు. పదకొండు జవాబులు రాసి పదకొండూ చించేశాడు.

సుభద్రమ్మ సంగతి అలా కాదు. రిటైరైన టీచరమ్మ. నెలకోసారి నల్లసిరా బుడ్డి కొనడానికి ధనరాజ్ షాపుకు వచ్చి, అక్కడ క్షణవీర గురించి కొట్టుకు చస్తున్న ధర్మేంద్ర లాంటివాళ్ళను చూసి ఏదో ఒక మాట అనేసి పోతుంది. పై నెల కథ అచ్చం అలాగే నడుస్తుంది.

“ఈసారి ఏటవుతాది టీచరమ్మా?” అని బతిమాలాడు ధర్మేంద్ర.

“ఈసారి పోటీ ఉన్నాది కదరా. నానెందుకు సెప్తాను? నీ బుర్ర నువ్వు వాడుకో,” అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

“సూసినావా బావా! ఈవిడా పోటీకి రాస్తన్నాది,” అన్నాడు ధర్మేంద్ర ధనరాజ్‌తో. “లేపోతే అంత సిరా ఏటి సేసుకుంటాది?”

గురువారం పొద్దున్న ఆవిడ కూరగాయలకు బయల్దేరగానే గొళ్ళెం తీసి లోపలికి దూరాడు. పగటిపూట తాళం వేసే అలవాటు ఆ వీధిలో ఎవరికీ లేదు. బల్ల మీద కాగితం కనిపించింది. ‘క్షణవీర గుడి రాతి మీద గడియారం బొమ్మ చెక్కుతాడు. ఈ కాలంలో ఆ బొమ్మను చూసిన స్నేహితుడు గడియారం తీసుకుని అక్కడికి దూకుతాడు.’

ఓరి నాయనో, ఇంతేనా! సెల్లులో ఫొటో తీసుకున్నాడు. కాగితం ముట్టుకోలేదు కాబట్టి ఇది దొంగతనం కిందికి రాదని కూడా తనే తీర్పు చెప్పుకున్నాడు.

అంతలో గేటు చప్పుడైంది. ఆవిడ సంచీ మరిచిపోయి వెనక్కి వచ్చినట్టుంది. ధర్మేంద్ర పెరటి గోడ దూకి పరుగందుకున్నాడు. పల్లేరుకాయలు కసుక్కున దిగబడ్డాక గానీ వెలగలేదు. చిన్నప్పటి నుంచీ చెప్పులతో ఎవరింట్లోనూ అడుగు పెట్టిన పాపాన పోలేదు అతను. ఈ రోజూ పెట్టలేదు. ఎడమ చెప్పుకు నీలం వైరుతో కుట్టు వేసిన ఆ జత, ఆవిడ గుమ్మం ముందు బుద్ధిగా కూర్చుని ఉంది.

సాయంత్రం వెళ్ళి తొంగి చూస్తే అక్కడ లేదు.

“సెప్పులేవీ?” అంది భార్య శ్రావణి.

“కుక్క అట్టుకుపోనాది.”

రెండు రోజులకు తనూ అదే నమ్మేసి, ఆ జవాబుకు తన ఫొటో జోడించి పోటీకి పంపేశాడు.

యాభయ్యో సంచికలో జవాబు అక్షరాలా అదే! చివరి పేజీలో ‘విజేత: ధర్మేంద్ర, నరసన్నపేట’. షాపు ముందే చిందులేశాడు. దారినపోయే ఆటోవాళ్ళను కూడా ఆపి జిలేబీలు పెట్టాడు. సిరాకు వచ్చిన సుభద్రమ్మకూ ఒకటి ఇచ్చాడు, ఆవిడ కళ్ళలోకి మాత్రం చూడలేదు.

“బాగా ఊహించినావురా,” అంటూ ఆవిడ శుభ్రంగా తినేసింది.

యాభై ఒకటో సంచిక వచ్చే రోజు ధనరాజ్ షట్టరు ఎత్తకముందే ధర్మేంద్ర వెళ్ళి నిలబడ్డాడు. కట్ట విప్పగానే పుస్తకం లాక్కుని పేజీలు తిప్పాడు. మూడో పేజీలో తన మొహం! అదే మీసం, ముక్కు మీద అదే పుట్టుమచ్చ!

“బావా, నానే! నానే!”

ఊళ్ళోవాళ్ళందరికీ వినిపించేలా బొమ్మ కింద వాక్యాలు చదవడం మొదలుపెట్టాడు. “క్షణవీరకు కొత్త శత్రువు, కాలచోరుడు! ఏ యుగానికి వెళ్ళినా పరాయి ఇళ్ళలో దూరి కాగితాలు దొంగిలిస్తాడు. వీడికి ఒకటే బలహీనత. గుమ్మం బయట చెప్పులు విడవనిదే...”

బొమ్మను అరచేత్తో కప్పెయ్యబోయాడు.

ధనరాజ్ బొమ్మలోకి వంగి చూశాడు. “ఎడమ సెప్పుకి నీలం వైరు కూడా యేసినారేటి బావా?”

సరిగ్గా అప్పుడే సుభద్రమ్మ సిరా కోసం వచ్చింది. సంచీలోంచి ఒక జత చెప్పులు తీసి ధర్మేంద్ర కాళ్ళ ముందు పెట్టింది.

“బొమ్మ గీసుకోడం అయిపోనాది, ఇంక తొడుక్కోరా.”