లిఫ్టు ఆపేసిన సబ్బుల కంపెనీ

లిఫ్టు ఆపేసిన వారానికే సబ్బుల కంపెనీకి పెద్ద బేరం తగిలింది. వంద హోటళ్లకు సబ్బులు కొనే ఆవిడ, ఐదో అంతస్తులోని ఆఫీసుకు స్వయంగా వస్తున్నానని కబురు పంపింది. ఏ ధర చెప్పినా సగానికే అడుగుతుంది కాబట్టి వ్యాపారులంతా ఆవిడను సగం మేడమ్ అంటారు.

"పర్యావరణం, కరెంటు పొదుపు అని లిఫ్టు ఆపించావు. ఆవిడ మెట్లు చూసి వెనక్కి పోతే?" అన్నారు కంపెనీ యజమాని, కొత్తగా మేనేజరైన అల్లుడితో.

"పర్యావరణాన్ని పట్టించుకునే కంపెనీలకే ఇప్పుడు గిరాకీ మావయ్యా."

"ఈ బేరం పోయిందంటే నువ్వు ఇంట్లో మాత్రమే అల్లుడివి. ఆఫీసులో నీకు కుర్చీ ఉండదు."

అంతలో తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది. ముఖం కందిపోయి ఉంది. ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది.

అల్లుడు గబగబా మంచినీళ్లు అందించాడు. మామగారు మాత్రం కంగారులో ధర చెప్పేశారు, అదీ మామూలు కంటే కాస్త ఎక్కువే.

ఆవిడ నోరు తెరిచింది కానీ మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. బేరమాడటానికి ఊపిరి చాలక, చివరికి కాగితాలు లాక్కుని సంతకం పెట్టేసింది.

ఆవిడ వెళ్లిపోయాక మామగారు చాలాసేపు మెట్ల వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత అల్లుడి భుజం మీద ప్రేమగా చెయ్యి వేశారు.

"పర్యావరణం మీద మనం ఇంకా శ్రద్ధ పెట్టాలి బాబూ. రేపే ఆఫీసుని తొమ్మిదో అంతస్తుకి మార్పించు."