మంచం పక్కన పాఠం

"స్కానింగ్ ఏమీ అక్కర్లేదు బాబూ. కావాలంటే ఆయన్నే అడిగి చూడండి," అంది టీచరు డాక్టరుతో, భర్త మంచానికీ స్ట్రెచరుకూ మధ్య అడ్డంగా నిలబడి.

డెంగీ జ్వరం దిగింది. ప్లేట్‌లెట్లు పెరిగాయి. కానీ నిన్న ఆమె భర్త సెలైన్ స్టాండును చూపించి, గాలి ఎక్కువగా ఉంది, బరువు కిందికి దించెయ్యమని నర్సు మీద కేకలేశాడు. క్రేన్ నడిపే మనిషి. జబ్బు మెదడును తాకిందేమోనని డాక్టరు అనుమానం. ఆ మాట కాగితం మీద పడితే ఆయన్ని మళ్లీ క్రేన్ ఎక్కనివ్వరని టీచరు భయం.

డాక్టరు నిదానంగానే నచ్చజెప్పాడు. మెదడు వాచినా, రక్తంలో ఉప్పు తగ్గిపోయినా వైద్యం ఉందన్నాడు. ఇలాంటి వాళ్లెందరో తన చేతిలోనే నయమై నడుచుకుంటూ ఇంటికి వెళ్లారన్నాడు.

"ఏముందో తెలిస్తే నయం చేస్తానమ్మా. దాచిపెడితేనే నా వల్ల కాదు."

"దాచడానికేముంది? అడగండి."

ఆమె ధీమా ఊరికే రాలేదు. ఈ వార్డులో రోజూ అడిగేవి మూడే ప్రశ్నలు, అదీ ఒకే వరసలో. పొద్దున్నే లేపి, మొహం తుడిచి, కాఫీ చల్లారేదాకా ఆయన చేత ఆ మూడు జవాబులూ వల్లె వేయించింది. ఇన్‌స్పెక్షన్ నాడు ఎంత మొద్దు పిల్లాడినైనా గట్టెక్కించిన మనిషి. ఇది మోసమని ఆమెకు తోచలేదు. నోటికొచ్చింది నెమ్మదిగా బుర్రకెక్కుతుందని ఆమె నమ్మకం.

డాక్టరు మంచం మీదికి వంగాడు.

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఆసుపత్రి."

"ఈ రోజు ఏ వారం?"

"గురువారం."

"ఈవిడెవరు?"

"నా భార్య."

గొంతులో తడబాటు లేదు. నర్సు నవ్వేసింది. స్ట్రెచరు వెనక్కి తిరిగింది. మీరే గెలిచారు టీచరుగారూ అంటూ డాక్టరు, స్కానింగ్ కొట్టేయడానికి పెన్ను తీశాడు.

టీచరుకు ఆనందం పట్టలేదు. రెండు రోజులుగా ఆయన తనను పరాయి మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. పక్కన డాక్టరున్నాడన్న సంగతి కూడా మరిచి, భర్త చెయ్యి పట్టుకుంది.

"ఇంకొక్కసారి చెప్పండి. నేను మీకేమవుతాను?"

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. ఇందాకటంత ధీమాగానే చెప్పాడు.

"ఆసుపత్రి."