ఒక్క అబద్ధం చెప్పండి

"మా ఆవిడ కిడ్నీ నాకు పనికిరాదని చెప్పెయ్యండి సార్. ఒక్క అబద్ధం. మీరు చెప్తే నమ్ముతుంది."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఓ కన్ను తలుపు మీదే ఉంచాడు. మంచినీళ్ళు పట్టుకొస్తానని వెళ్ళిన భార్య ఏ క్షణానైనా వచ్చేస్తుంది.

"మీకు బతకాలని లేదా?"

మాస్టారు ఆలోచించాడు. ఉందనీ అనిపించలేదు, లేదనీ అనిపించలేదు. డయాలసిస్ మొదలైనప్పట్నుంచీ ఆయనకు ఏదీ తగలడం లేదు. మొన్న ఒకమ్మాయి కారు తీసుకెళ్ళి గోడకు గుద్దితే, పక్క సీట్లోంచి "రివర్స్ వెయ్యమ్మా" అన్నాడు, అంతే.

"షుగరున్న మనిషి మీరు, ఆ బీపీ మాత్ర మానకండి మొర్రో అని నెత్తీ నోరూ బాదుకుంది సార్. బీపీ దిగిందిగా, ఇంకెందుకని నేనే మానేశాను. నా తెలివితక్కువకి దాన్ని కోయించమంటారా? పరీక్షలంటే నా మాట వినకుండా చేయించుకుంది. ఆపరేషన్ మాత్రం వద్దు."

డాక్టరు నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది.

"ఆపరేషన్ ఎప్పుడు సార్? ముందే చెప్తే స్కూల్లో సెలవు పెడతాను. నేను లేకపోతే ఆ నర్సరీ పిల్లలు ఆయాని పీక్కు తింటారు" అంటూ వచ్చి కూర్చుంది ఆవిడ.

డాక్టరు ఒకసారి మాస్టారి వైపు చూశాడు.

"మీ కిడ్నీ తీసుకోవడం కుదరదమ్మా."

"అదేంటి సార్? గుండ్రాయిలా ఉన్నాను!"

"మీకూ షుగరుంది. బీపీ ఎక్కువగా ఉంది. కిడ్నీల్లోంచి ప్రొటీన్ పోవడం మొదలైంది. రేపట్నుంచి ఈ మాత్ర వేసుకోండి. బీపీని తగ్గిస్తుంది, కిడ్నీలనూ కాస్తుంది. బాగానే ఉన్నాను కదా అని మీ అంతట మీరు మానకూడదు."

ఆవిడ చేతిలోని నీళ్ళ సీసా బల్ల మీద పెట్టింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"మరి మీకెలాగండీ?"

ఆయన తల దించుకున్నాడు. పెదవి మీదికొస్తున్న నవ్వు ఆవిడకు కనబడకూడదు.

"బయట కూర్చుంటాను" అని ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తలుపు మూసుకోగానే మాస్టారు డాక్టరు చేతులు రెండూ పట్టేసుకున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో గుండెలో ఏదో కదిలింది.

"మీ రుణం తీర్చుకోలేను సార్! షుగరు, ప్రొటీను, మాత్ర... ఎంత బాగా అల్లారు! పక్కనే ఉండి నేనే నమ్మేశాను."

డాక్టరు చేతులు వెనక్కి తీసుకోలేదు.

"అబద్ధం ఆడే అవసరం నాకు రాలేదు మాస్టారూ. ఆవిడ రిపోర్టు నిన్ననే వచ్చింది."