ఓబుళమ్మ కుస్తీలు

ఎన్నికల వార్తలు చూద్దామంటే చెన్నకేశవకు ఇంట్లో టీవీ దొరకడం లేదు. సాయంత్రమైతే చాలు, వాళ్ళమ్మ ఓబుళమ్మ కుస్తీల ఛానల్ పెట్టుకుని, "గొంతు పట్టుకోరా! ఇడ్సిపెట్టాకు!" అని వీధంతా వినబడేలా అరుస్తుంది.

అదంతా నాటకమని ఆమెకు తెలిసిరావాలని, తొండూరు నుంచి ప్రొద్దుటూరుకు తీసుకుపోయి ఒక కామెడీ సినిమా చూపించాడు. అందులో ఒక ముసలాయన, తన వస్తాదు ఓడిపోయాడని ఏడ్చి రోకలితో టీవీ పగలగొడతాడు. అదే సమయానికి ఆ వస్తాదులిద్దరూ గోదా వెనక గదిలో కూర్చుని టీ తాగుతుంటారు. హాలంతా పడిపడి నవ్వింది. అందరికంటే గట్టిగా ఓబుళమ్మే నవ్వింది.

"చూసినావామ్మా? అంతా ఉత్తుత్తిదే" అన్నాడు బయటికొచ్చాక.

"నాకు ఎప్పుడో తెలుసు లేప్పా."

"తెలిసి కూడా ఎందుకట్ల ఎగబడి చూస్తాండావు?"

"ఆడ కొట్టుకున్నోళ్ళు ఇద్దరూ లేసి, నడుసుకుంటా ఇండ్లకు పోతారు. మీ నాయన పార్టీ కొట్లాటకు పోయి, అట్ల తిరిగొచ్చినాడా?"

చెన్నకేశవ ఆమె చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.

"బిన్నా నడువు, కుస్తీలకు టైమైతాంది" అంది ఓబుళమ్మ.