తార్నాక ప్రతి

తాను రాసిన ప్రతి పేజీ అడుగునా ‘చివరి మార్పు: రాజలింగం’ అని కనిపించేసరికి సుబ్బరాయుడుగారికి ఒళ్ళు మండింది.

చేతివృత్తుల పదకోశానికి ఆయన సంపాదకులు. దాని ప్రతులు రెండు: ఒకటి ఆయన రాసే విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్లో, మరొకటి తార్నాక ఆఫీసులో ఉంటాయి. రోజూ సాయంత్రం రెండూ కలిసి ఒకటవుతాయి.

ఆ రాజలింగం అక్కడివాడేనని తెలుసుకుని, ఆటో ఎక్కి తిన్నగా తార్నాక వెళ్ళారు.

"రాజలింగం అంటే మీరేనా?"

కళ్ళజోడు సవరించుకుంటూ ఒక నడివయసు మనిషి లేచాడు.

"నేనే సార్. కూసోండ్రి, చాయ్ చెప్త."

"చాయ్ కోసం రాలేదు. నా పేజీలు ఎందుకు తెరుస్తున్నారు?"

"జరంత సరిచూస్త సార్."

"నన్ను సరిచూసేటంతటివారా?"

"అట్ల కాదు సార్..."

"ఇకమీదట నా రాత ముట్టుకోవద్దు."

"మంచిది సార్," అన్నాడు రాజలింగం.

వారం తిరగకుండానే, ఎద్దులతో బావినీళ్ళు తోడే ‘మోట’ గురించి సుబ్బరాయుడుగారు రాసినదంతా మాయమైంది. ఆ చోట రాజలింగం రాసినది ఉంది.

"కక్ష తీర్చుకున్నాడు!" అన్నారు, కంప్యూటర్లు చూసుకునే ప్రవళికతో.

"కక్ష కాదు సార్. ఒకటే పేజీని ఈడ మీరు, గాడ ఆయన ఒకటే రోజు రాస్తే, రెండు కలిసేటప్పుడు మెషిన్ ఒకదాన్నే పైన ఉంచుతది. రెండోదాన్ని కింద దాస్తది. ఎవలకు చెప్పది."

"ఇన్నాళ్ళూ నావి పోలేదే?"

"పొద్దుగాల వచ్చి ఆయన ఎతికి, మీది పైకి తెస్తుండె సార్. ముట్టుకోవద్దన్నరంట గద, బంద్ చేసిండు."

"మరి ఆయన రాసినవి?"

"కిందికి వోయినయ్. కొన్ని దినాలకు మెషిన్ తుడిచేస్తది, మల్ల రావు. ‘మీరు రాసింది మీరే తీసుడెందుకు సార్’ అని ఆయన్ని నేనే అడిగిన. ‘ఆయన పట్టుదల మనిషి బిడ్డా, ఇద్దరం కొట్లాడితే పని ఆగుతది’ అన్నడు."

సుబ్బరాయుడుగారు ఒక్కొక్క పేజీ తెరిచారు. అన్నీ తన మాటలే. నిన్నటిదాకా గర్వంగా చదువుకున్న ఆ పంక్తులను ఇప్పుడు కళ్ళెత్తి చూడలేకపోయారు.

"ఒక్కసారి ఆయనకు ఫోన్ కలుపమ్మా. క్షమాపణ చెప్పుకోవాలి."

"ఎత్తుతలేడు సార్. నిన్ననే తార్నాక ఆఫీసు తాళంచెవి నాకిచ్చి ఊరికి వోయిండు. ఇగ రానన్నడు."

"అసలు ఆయనకు ఈ పని అప్పగించిందెవరు?"

ప్రవళిక ఆయన వంక వింతగా చూసింది.

"ఆయనకెవలు అప్పజెప్తరు సార్? ఈ కోశం మొదలువెట్టిందే ఆయన; మీరు సంపాదకులుగ ఉంటేనే దానికి విలువుంటదని, తన కుర్చీ మీకిప్పిచ్చి తార్నాకల కూసున్నడు."