ఊగని బస్తా

అనూష గుద్దుకి ఊక బస్తా ఊగుతూ వెళ్లి గోడకి తగిలింది. గుడివాడ పాత రైసుమిల్లులో నడుస్తున్న ఆ బాక్సింగ్ క్లబ్బులో అందరి పందెమూ అదే, బస్తాని ఎవరు గోడకి తగిలిస్తారా అని.

"చూశారా మాస్టారూ! మరి పొద్దున ప్రాక్టీసులో నేను దవడ మీద కొడితే ప్రీతి ఒక్కడుగైనా వెనక్కెయ్యలేదేంటండీ? పైగా నవ్వింది."

సత్యానందం మాస్టారు బస్తాని పట్టి ఆపారు.

"దీన్ని తోశావమ్మా. కొట్టలేదు."

పాదం నేలకి గట్టిగా తన్నిపెట్టి, నడుం తిప్పి, జానెడు దూరం నుంచి ఆయన ఒక్కటిచ్చారు. బస్తా ఊగలేదు. ఉన్నచోటే అదిరింది. అవతలి వైపు కుట్టు పిగిలి ఊక జలజలా రాలింది.

"దెబ్బలో నిజంగా బలముంటే మనిషిని కదపదు. లోపలికెళ్తుంది."

అనూష తన పిడికిలి వంక చూసుకుంది. పొద్దున తను కొట్టిందీ జానెడు దూరం నుంచే. చప్పుడు కూడా రాలేదు.

ఆమె మొహం చూసి మాస్టారి గొంతు మారిపోయింది. "ప్రీతి ఏదీ?"

"ఇక్కడే ఉందండీ. తలనొప్పని మధ్యాహ్నం అన్నం తినలేదు."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని ప్రీతి చేతికి గుడ్డపట్టీ చుట్టుకుంటోంది, వేలివేలికీ శ్రద్ధగా.

"వచ్చేస్తున్నానే, ఒక్క నిమిషం," అని నవ్వింది. పొద్దుటి నవ్వే.

ఆ చేతికి అప్పటికే మూడు పట్టీలున్నాయి. రెండో చేతికి ఒక్కటీ లేదు.